గుట్టలేని దారిలో గాలే గుట్ట

నెల్లూరు నుంచి మైపాడు సముద్రానికి సుమారు పాతిక కిలోమీటర్ల దారి. పెన్న డెల్టా మాగాణి మధ్యగా తూర్పుకు సాగిపోతుంది. ఈ దారిలో చెప్పుకోదగ్గ ఎత్తు ఎక్కడా రాదు. కాలవల మీది వంతెనల దగ్గర రోడ్డు కాస్త లేచి మళ్ళీ దిగుతుంది, అంతే. తెల్లవారుజామున సైకిలు మీద బయల్దేరిన మనిషి గంటన్నర తిరక్కుండా అలల చప్పుడు వింటాడు. అదే మనిషి అదే సైకిలు మీద, అదే ఓపికతో పగలు పన్నెండింటికి బయల్దేరితే మూడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఇందుకూరుపేట చేరేసరికే తొడలు బరువెక్కుతాయి, పెడలు మొరాయిస్తుంది. ఎండ దెబ్బ అనుకుంటాం. ఎండకు అందులో భాగం ఉన్నా, అసలు పని గాలిది.

ఈ తీరంలో కొండ లేదు. సైకిలు తొక్కేవాడికి కొండ పెట్టే పరీక్ష ఇక్కడ గాలి పెడుతుంది. అయితే కొండ ఉన్నచోటే ఉంటుంది, గాలి మాత్రం పూటపూటకూ వైపు మారుస్తుంది. ఆ మార్పు ఇష్టం వచ్చినట్టు జరగదు. సూర్యుడు, ఇసుక, సముద్రం, భూభ్రమణం కలిసి దానికి వేళలు పెట్టాయి. ఆ వేళలు తెలిస్తే నెల్లూరులో బయల్దేరి మైపాడు చూసుకుని, తీరం వెంట కోడూరు మీదుగా కృష్ణపట్నం వైపు దిగి, ముత్తుకూరు మీదుగా మళ్ళీ నెల్లూరు చేరే ఒక రోజు చుట్టును దాదాపు పొడవునా ఎదురుగాలి లేకుండానే పూర్తిచేయవచ్చు. తెలియకపోతే అదే చుట్టు ఒళ్ళు హూనం చేస్తుంది.

ముందు లెక్క చూద్దాం. మనిషి, సైకిలు, సామాను కలిపి 90 కిలోలు అనుకుందాం. నిటారుగా కూర్చుని తొక్కే మామూలు సైకిలు. గంటకు 15 కిలోమీటర్ల వేగం. గాలి కదలని వేళ తారు రోడ్డు మీద టైర్ల ఒరిపిడికి సుమారు 26 వాట్లు పోతాయి. ముందున్న గాలిని చీల్చుకుపోవడానికి దాదాపు అంతే, ఇంకో 26 వాట్లు. మొత్తం 52. మన ఇళ్ళలో తిరిగే పాత సీలింగు ఫ్యానుకు ఇంతకంటే ఎక్కువ కరెంటు కావాలి. చదును నేల మీద మనిషిని ఇంత తక్కువ ఖర్చుతో ఇంత దూరం తీసుకుపోయే బండి మరొకటి లేదు.

ఇప్పుడు ఎదురుగా గంటకు 15 కిలోమీటర్ల గాలి వీస్తోందనుకోండి. సైకిలు వేగం తగ్గకూడదంటే ఒంటికి తగిలే గాలి వేగం 30 అవుతుంది. గాలి వేగం రెట్టింపైతే దాని అడ్డు నాలుగింతలవుతుంది. గాలి వాటా 26 వాట్లు కాస్తా 104కు పెరిగి, మొత్తం 130 అవుతుంది. ఈ అదనపు బలాన్ని వాలులోకి మారిస్తే ప్రతి వంద మీటర్లకూ రెండు మీటర్లు ఎక్కుతున్నట్టు లెక్క. అలా పాతిక కిలోమీటర్లు పోతే అర కిలోమీటరు ఎత్తు ఎక్కినట్టే. ఎక్కిన కొండకైతే దిగుడు ఉంటుంది, సముద్రం ఒడ్డున మనకు ఆ దిగుడు కూడా దొరకదు.

పోయేటప్పుడు ఎదురైన గాలి వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది కదా, చెల్లుకు చెల్లు అనిపించవచ్చు. కాదు. అదే 52 వాట్ల ఓపికతో ఎదురుగాలిలో గంటకు తొమ్మిది కిలోమీటర్లు మించి సాగవు. వెనకగాలిలో 23 దాకా పోవచ్చు. పోనూ రానూ చెరి పాతిక కిలోమీటర్లకు గాలి లేని రోజు మూడు గంటల ఇరవై నిమిషాలు చాలు, గాలి రోజున దాదాపు నాలుగు గంటలు పడుతుంది. ఎదురుగాలిలో మనం గడిపే సమయమే ఎక్కువ కాబట్టి వెనకగాలి ఆ బాకీ తీర్చలేదు. పక్కగాలి సంగతి ఇంకా వింత. సూటిగా పక్క నుంచి, సైకిలుతో సమానమైన వేగంతో వీచే గాలి మనల్ని ముందుకూ తోయదు, వెనక్కూ లాగదు అనుకుంటాం. లెక్కలో మాత్రం అది మన ముందున్న గాలి అడ్డును నలభై శాతం పెంచుతుంది. రెండు వేగాలూ కలిసి ఒంటికి తగిలే గాలిని పెంచుతాయి, అడ్డు ఆ పెరిగిన గాలికి తగ్గట్టు ఉంటుంది. అందుకే ఈ తీరంలో ఎన్ని కిలోమీటర్లు అన్న ప్రశ్న కన్నా ఏ వేళకు ఏ దిక్కుకు అన్న ప్రశ్న ముఖ్యం.

తెల్లవారుజాము నాలుగున్నర, అయిదు. రాత్రంతా నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడింది. సముద్రం మాత్రం చల్లబడలేదు. నీటిని ఒక డిగ్రీ వేడెక్కించాలన్నా చల్లార్చాలన్నా పొడి ఇసుకకు కావలసిన దానికి నాలుగైదింతల వేడి కావాలి. పైగా ఎండ నీటిలో మీటర్ల లోతుకు దిగుతుంది, అలలు దాన్ని కలియబెడతాయి. ఇసుకలో అది పై పొరలోనే నిలిచిపోతుంది. అందుకే మధ్యాహ్నం ఒట్టి కాళ్ళతో అడుగు పెట్టలేని ఇసుక తెల్లవారేసరికి చల్లగా ఉంటుంది. సముద్రపు పై నీటి వేడిమి రాత్రికీ పగలుకీ మామూలుగా ఒక డిగ్రీ కూడా మారదు. తెల్లవారుజామున నేల మీది చల్లటి బరువైన గాలి వెచ్చటి సముద్రం వైపు జారుతుంది. దాని వేగం తక్కువే, గంటకు ఐదారు కిలోమీటర్లు. అయినా పడమర నుంచి తూర్పుకు వీచే ఆ గాలి మైపాడు పోయేవాడి వీపును తాకుతుంది. పైన చెప్పిన గంటన్నర లోపు లెక్క దాని చలవే.

ఇదే గాలితో ఇక్కడి మత్స్యకారులు తరతరాలుగా వేటకు పోయారు. మోటార్లు లేని రోజుల్లో తెరచాప కట్టిన తెప్పలు చీకటితోనే నేల గాలి పట్టుకుని లోపలికి పోయేవి. పొద్దు ఎక్కాక సముద్రపు గాలి పట్టుకుని ఒడ్డుకు వచ్చేవి. నేటి ఫైబరు బోట్లకు మోటారు ఉంది కాబట్టి గాలి కోసం కనిపెట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఆ పాత వేళల పట్టిక ఇప్పుడు ఎక్కువగా అక్కరకొచ్చేది సైకిలు తొక్కేవాడికి.

ఊరు దాటితే ఇరుపక్కలా మాగాణి. 1855లో కట్టిన నెల్లూరు ఆనకట్ట, 1886 నాటి సంగం ఆనకట్ట ఈ డెల్టాకు నీరు పట్టాయి. 2022లో ఆ రెండు చోట్లా కొత్త బ్యారేజీలు వచ్చాయి. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి దాదాపు 600 కిలోమీటర్లు నడిచిన పెన్న మన ఎడమ చేతి వైపు సముద్రానికి పోతూ ఉంటుంది. కాస్త దారి మళ్ళితే నది ఒడ్డున పల్లిపాడు. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం అక్కడుంది. తెల్లవారి చూడదగ్గ చోటు. తప్పకుండా ఆగండి, కానీ గాలి వేళను మరచిపోయేంత సేపు కాదు.

తీరం దగ్గరపడే కొద్దీ పచ్చటి మడులు తగ్గి రొయ్యల గుంటలు మొదలవుతాయి. చీకట్లో ముందు చెవికి తెలుస్తాయవి. నీళ్ళను చిలికే ఏరియేటర్ల మోత. తెల్లవారకముందే అంత గట్టిగా ఎందుకు తిప్పుతారన్నది తెలుసుకోదగ్గ విషయం. గుంటలోని నాచు పగలు ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి మాత్రం రొయ్యలతో పాటు తనూ పీల్చుకుంటుంది. రాత్రంతా ఖర్చేగానీ రాబడి లేదు. అందుచేత సూర్యోదయానికి ముందు నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. గాలి వీచే రాత్రి నీటి మీద అలలు లేచి గాలిలోని ఆక్సిజన్ కొంత లోపలికి కలుస్తుంది. గాలి స్తంభించిన రాత్రి రైతుకు కంటి మీద కునుకుండదు. కరెంటు పోతే జనరేటరు, జనరేటరు మొరాయిస్తే పంటే పోయింది. 1990లలో టైగరు రొయ్య తెచ్చిన సంపదనూ, తెల్లమచ్చ జబ్బు తెచ్చిన నష్టాన్నీ, 2009 తర్వాత వచ్చిన వెనామీ రొయ్యనూ ఈ ఊళ్ళు చూశాయి. గాలి సైకిలు మీది మనకు ఓపిక లెక్క, ఆ గట్టు మీద నిద్రలేని మనిషికి బతుకు లెక్క.

మైపాడు ఇసుకలో సైకిలు దిగి నడిపిస్తాం. పొడి ఇసుకలో టైరు కూరుకుపోతుంది. నీటి అంచుకు పోతే మాత్రం తడి ఇసుక గచ్చు నేలలా గట్టిగా ఉంటుంది, ఎక్కి తొక్కవచ్చు కూడా. పొడి ఇసుక రేణువులకు ఒకదాన్నొకటి పట్టుకునే ఆధారం లేదు. తడిసినప్పుడు రేణువుల మధ్య చేరిన సన్నటి నీటి పొర తలతన్యతతో వాటిని దగ్గరకు లాగి పట్టి ఉంచుతుంది. నీరు మరీ ఎక్కువై సందులన్నీ నిండితే ఆ పట్టు పోతుంది. కాబట్టి అల ఇప్పుడే తాకిన చోటు కాదు, అల వెనక్కు పోయి కాసేపైన చోటు సైకిలుకు మంచిది.

అక్కడ ఒక పని చేసి చూడండి. మెరుస్తున్న తడి ఇసుక మీద ముందు చక్రాన్ని బరువుగా ఆనించండి. చక్రం చుట్టూ ఇసుక ఒక్కసారిగా తెల్లబోయి పొడిగా కనిపిస్తుంది. నొక్కితే నీరు పైకి రావాలి కదా, ఎండిపోవడమేమిటి? అలలు సర్దిపెట్టిన ఇసుక రేణువులు ఒకదాని సందులో ఒకటి ఇమిడి, వీలైనంత దగ్గరగా ఉంటాయి. నొక్కితే అవి పక్కకు జరగాలి. జరగాలంటే ఒకదాని భుజం మీది నుంచి ఒకటి ఎక్కి పోవాలి. అప్పుడు వాటి మధ్య ఖాళీ పెరుగుతుంది, పైనున్న నీరు ఆ ఖాళీలోకి దిగిపోతుంది. చక్రం తీసేస్తే ఆ మచ్చ మళ్ళీ తడిసి మెరుస్తుంది. ఆస్‌బర్న్ రేనాల్డ్స్ 1885లో దీన్ని వివరించాడు. ఆ వివరణ చదవని పిల్లలు కూడా అలల అంచున పరుగెత్తేటప్పుడు తమ పాదాల చుట్టూ తెల్లటి వలయాలను చూసే ఉంటారు.

ఒడ్డున ఎంత సేపు కూర్చోవాలని ఉన్నా తొమ్మిది లోపే లేవడం మంచిది. తొమ్మిది, పది మధ్య నేల, సముద్రం రెండూ ఇంచుమించు ఒకే వేడిమికి వస్తాయి. రాత్రి గాలి ఆగిపోయింది, పగటి గాలి ఇంకా పుట్టలేదు. ఆ నిశ్చలమైన వేళలోనే తీరం వెంట దక్షిణానికి తిరగాలి.

తోటపల్లిగూడూరు మండలం ఊళ్ళ మీదుగా సాగే ఈ ముక్క ఈ చుట్టులో అన్నిటికంటే అందమైనది. తాటిచెట్లు, సరుగుడు తోటలు, మధ్య మధ్య ఉప్పు కయ్యలు. కొన్నిచోట్ల దారి ఇసుక మెట్టల మీదికెక్కి మళ్ళీ పల్లానికి దిగుతుంది. ఈ మెట్టలు తీరానికి సమాంతరంగా వరసలు వరసలుగా ఉంటాయి. సుమారు ఆరు వేల ఏళ్ళ కిందట సముద్రమట్టం పెరగడం నెమ్మదించాక పెన్న తెచ్చిన ఒండ్రుతో నేల సముద్రంలోకి ముందుకు జరుగుతూ వచ్చింది. ఆగిన ప్రతిచోటా అలలు, గాలి కలిసి ఒక ఇసుక కట్ట పోసి వదిలాయి. అంటే మనం దాటే ప్రతి మెట్టా ఒకప్పటి సముద్రపు ఒడ్డు. ఊళ్ళు ఎక్కువగా మెట్టల మీదే ఉంటాయి, తుపాను నీరు పల్లాన్ని ముందు ముంచుతుంది కనుక.

ఈ పల్లం వెంటే బకింగ్‌హామ్ కాలువ పోతుంది. 1806లో మద్రాసు దగ్గర చిన్న కాలువగా మొదలై, ముక్కముక్కగా పెరిగి, 1878లో అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు పేరు పెట్టుకుంది. కట్టెలు, ఉప్పు, ధాన్యం దీని మీదే మద్రాసు పోయేవి. గాలి అనుకూలిస్తే పడవకు తెరచాప ఎత్తేవారు. ఎదురైతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. సైకిలు తొక్కే మన కష్టమే, కాకపోతే టన్నుల బరువుతో. 2004 డిసెంబరు 26న సునామీ నీరు చొచ్చుకొచ్చినప్పుడు ఈ కాలువ ఆ నీటిని చాలావరకు తనలో ఇముడ్చుకుని వెనకున్న ఊళ్ళను కాపాడిందని మరుసటి ఏడు ‘కరెంట్ సైన్స్’ పత్రికలో పరిశోధకులు రాశారు. పూడిపోయి ఆక్రమణల పాలైన చోట్ల ఈ కాలువను చూస్తే బాధ కలుగుతుంది. రవాణాకు పనికిరాదని వదిలేసిన కాలువ వల్ల ఇంకో ఉపయోగం ఉందని సముద్రమే చూపించాక కూడా దాన్ని పూడనివ్వడం తగదు.

సరుగుడు తోట నీడలో ఆగి నేల మీద పడ్డ ఒక ఆకును చేతిలోకి తీసుకోండి. సూదిలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అసలది ఆకు కాదు. రెండు కొసలా పట్టుకుని మెల్లగా లాగితే కణుపు దగ్గర టక్కున ఊడి వస్తుంది. ఊడిన చోట అంచు చుట్టూ కంటికి ఆనీ ఆనని పళ్ళు ఆరు నుంచి ఎనిమిది దాకా కనబడతాయి. ఆ పళ్ళే సరుగుడు ఆకులు. మనం ఆకు అనుకున్నది సన్నటి కొమ్మ, ఆకుపచ్చగా ఉండి ఆకు చేయవలసిన పనంతా తనే చేస్తుంది. ఉప్పు గాలిలో, ఎండిన ఇసుకలో వెడల్పాటి ఆకులుంటే నీరంతా ఆవిరైపోతుంది కాబట్టి చెట్టు వాటిని ఇంతగా కుదించుకుంది. వేళ్ళ బుడిపెల్లో కాపురముండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది. సారం లేని ఇసుకలో ఇది బతకడానికి అదొక కారణం.

తోటలో వినిపించే ఆ ఈల కూడా ఈ సన్నటి కొమ్మల పనే. గాలి ఒక సన్నటి తీగను దాటేటప్పుడు దాని వెనక ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క చిన్న సుడులు ఊడిపడతాయి. సెకనుకు ఎన్ని సుడులో శబ్దం అంత స్థాయిలో పలుకుతుంది. 1878లో స్ట్రౌహాల్ కనిపెట్టిన సూత్రం ప్రకారం గాలి వేగాన్ని తీగ మందంతో భాగించి, అందులో అయిదో వంతు తీసుకుంటే ఆ సంఖ్య వస్తుంది. సరుగుడు కొమ్మ మందం మిల్లీమీటరులో ఏడు పదోవంతులు అనుకుంటే, గంటకు 12, 13 కిలోమీటర్ల గాలికి సెకనుకు వెయ్యి కంపనాలు. గాలి రెట్టింపైతే రెండు వేలు, అంటే షడ్జం నుంచి పై షడ్జానికి. సంగీత జ్ఞానం ఉన్నవాడు కళ్ళు మూసుకుని గాలి వేగం ఎంత పెరిగిందో చెప్పగలడు. లేనివాడికి కూడా ఈల సన్నబడిందంటే గాలి ముదిరిందని తెలుస్తుంది.

తోట గాలిని అడ్డుకునే తీరు సైకిలు మీద బాగా తెలుస్తుంది. పది మీటర్ల ఎత్తు తోట వెనక వంద మీటర్లు దాటినా గాలి మెత్తగానే ఉంటుంది. చిక్కు తోట తెగే చోట. అక్కడ పక్కగాలి ఒక్క ఊపున వచ్చి హ్యాండిలును తిప్పేస్తుంది. తోట అంచు కనబడగానే రోడ్డు అంచుకు రెండడుగులు ఎడంగా, రెండు చేతులా హ్యాండిలు పట్టుకుని పోవాలి. వెనక లారీ వస్తోంటే ఈ జాగ్రత్త మరీ అవసరం.

పది, పదకొండు మధ్య గాలి వైపు మారుతుంది. ఇసుక వేడెక్కింది. దాని మీది గాలి వ్యాకోచించి పైకి లేస్తుంది, పైన సముద్రం వైపు ఒరుగుతుంది. నేల మీద పీడనం ఒక మిల్లీబారు అటూ ఇటూగా తగ్గుతుంది. మొత్తం వాతావరణ పీడనంలో అది వెయ్యోవంతు. ఆ వెయ్యోవంతు తేడాకే సముద్రం మీది చల్లగాలి లోపలికి తోసుకొస్తుంది. తాటాకులు గలగలమంటాయి, చొక్కా రెపరెపలాడుతుంది, ఒంటికి చల్లగా తగులుతుంది. అదే సమయానికి లోపలి ఊళ్ళలో గాలి స్తంభించి ఉక్కపోస్తూ ఉంటుంది. తీరాన మొదలైన గాలి నెల్లూరు చేరడానికి ఇంకో గంటా రెండు గంటలు పడుతుంది. ఆ గాలి ముందంచు ఎక్కడిదాకా వచ్చిందో ఒక్కోరోజు మేఘాలే చూపిస్తాయి. సముద్రం వైపు ఆకాశం నిర్మలంగా ఉంటుంది, నేల వైపు తీరానికి సమాంతరంగా దూదిపింజల వరస కడుతుంది. సముద్రపు గాలి నేల గాలి కిందికి దూరి దాన్ని పైకెత్తిన గీత అది.

ఇక్కడ భూభ్రమణం వచ్చి చేరుతుంది. ఈ తీరంలో నేల మనల్ని తూర్పుకు సెకనుకు 450 మీటర్ల వేగంతో మోసుకుపోతోంది. ఇదే తీరాన దక్షిణంగా ఉన్న శ్రీహరికోట నుంచి తూర్పుకు లేచే రాకెట్టుకు ఆ వేగం ఉచితంగా కలిసివస్తుంది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి సౌండింగు రాకెట్టు ఎగిరింది. రాకెట్టుకు ఊతమిచ్చే భ్రమణమే గాలిని కుడివైపుకు తిప్పుతుంది. ఉత్తరార్ధగోళంలో కదిలే దేనినైనా అంతే. ధ్రువాల దగ్గర ఈ మలుపు గట్టిది, భూమధ్యరేఖ దగ్గర ఉండదు. నెల్లూరు అక్షాంశంలో ఇతర బలాలేవీ లేకపోతే గాలి పూర్తిగా ఒక చుట్టు తిరగడానికి 48 గంటలు పడుతుంది. అంటే గంటకు ఏడున్నర డిగ్రీలు, ఆరు గంటలకు 45 డిగ్రీలు. పదకొండింటికి సూటిగా తూర్పు నుంచి మొదలైన గాలి సాయంత్రం అయిదుకు ఆగ్నేయం నుంచి వీస్తుంది. నిజం గాలి లెక్కంత నిక్కచ్చిగా నడవదు, ఆ రోజు పెద్ద గాలుల వైపును బట్టి ముందూ వెనకా అవుతుంది. అయినా మలుపు మాత్రం ఆ దిశకే.

ఇప్పుడు కృష్ణపట్నం నుంచి నెల్లూరు ఏ దిక్కున ఉందో పటంలో చూడండి. వాయవ్యం. సాయంత్రపు ఆగ్నేయపు గాలి మనల్ని సూటిగా ఇంటికే తోస్తుంది. ఈ చుట్టును అటు నుంచి ఇటు తిప్పి ఉదయం కృష్ణపట్నం, సాయంత్రం మైపాడు పెట్టుకున్నవాడికి ఈ సుఖం ఇంతగా దక్కదు.

కృష్ణపట్నం దగ్గర కండలేరు క్రీకు, రేవు క్రేన్లు, నేలటూరు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు దూరం నుంచే కనబడతాయి. రెండు వందల మీటర్లు మించిన ఎత్తున్న ఆ గొట్టాలు సైకిలు యాత్రికుడికి పెద్ద గాలికోళ్ళు. పదకొండు ప్రాంతాల వాటి పొగను కనిపెట్టి చూస్తే కొన్ని రోజులు చిత్రంగా ఉంటుంది. కింద మన ముఖానికి సముద్రపు గాలి కొడుతూ ఉంటుంది, పైన పొగ మాత్రం సముద్రం వైపే పోతుంది. కారణం, సముద్రపు గాలి మొదట పల్చటి పొరగానే వస్తుంది. పొగగొట్టం కొస ఆ పొరకు పైనుండి, పై గాలి తిరుగు దారిలో ఉంటుంది. పొద్దు వాలే కొద్దీ పొర మందమెక్కి పొగ కూడా లోపలికి తిరుగుతుంది. పొగ తిరిగిందంటే గాలి నిలదొక్కుకుందని అర్థం. భోజనం ముగించి బయల్దేరవచ్చు.

ఇంటి దారిలో గాలి వెనక ఉంది కదా అని నిర్లక్ష్యం పనికిరాదు. ఒంటి పని నాలుగో వంతే పెడలుకు పోతుంది, తక్కిన మూడు వంతులూ వేడి. 100 వాట్లు తొక్కుతుంటే 300 వాట్ల వేడి ఒంట్లో పుడుతుంది. దాన్ని బయటకు పంపేది చెమట. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒక గంటలో 670 వాట్ల వేడిని తీసుకుపోగలదు. ఆవిరైతేనే. కారిపోయిన చెమట వల్ల చల్లదనం లేదు, ఒంట్లో నీరు, ఉప్పు పోవడమే మిగులుతుంది. వెనక నుంచి గంటకు 15 కిలోమీటర్ల గాలి వీస్తుండగా మనం 15తోనే పోతుంటే ఒంటికి తగిలే గాలి సున్నా. సముద్రపు గాలిలో తేమ ఎలాగూ ఎక్కువే. ఎదురుగాలిలో కాళ్ళు అలసిపోతాయి, ఒళ్ళు మాత్రం చల్లగా ఉంటుంది. వెనకగాలిలో కాళ్ళు తేలిగ్గా తిరుగుతాయి, ఒళ్ళు ఉడుకుతుంది. వడదెబ్బ ప్రమాదం ఈ సుఖమైన దారిలోనే ఎక్కువ. ముత్తుకూరులో ఆగి ఉప్పేసిన మజ్జిగ తాగండి. దాహం వేసే దాకా ఆగకండి. తల తిరిగినా, చెమట ఆగిపోయి ఒళ్ళు కాలుతున్నా తొక్కడం మానేసి నీడకు చేరాలి, నీళ్ళు ఒంటి మీద పోసుకోవాలి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు పోవాలి.

అన్ని నెలలూ ఈ చుట్టుకు ఒకలా ఉండవు. మే చివర, రోహిణి కార్తెలో పడమటి వేడిగాలి గట్టిగా వీస్తుంది. సముద్రపు గాలి దానితో పెనుగులాడి మధ్యాహ్నం ఎప్పటికోగానీ లోపలికి రాలేదు, కొన్ని రోజులు రానే రాదు. నెల్లూరు మాడిపోయే రోజులు చాలావరకు సముద్రపు గాలి ఆలస్యమైన రోజులే. అప్పుడు సైకిలు మాట తలపెట్టవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, ఈ జిల్లా వానలో పెద్ద వాటా అప్పుడే. తుపానుల కాలం కూడా అదే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును ఈ ప్రాంతపు పెద్దవాళ్ళు మరచిపోలేదు. సంక్రాంతి నుంచి ఫిబ్రవరి చివర దాకా మంచి కాలం. పొద్దున చల్లటి నేల గాలి, పగలు ఈశాన్యపు పిల్లగాలి, దక్షిణానికి దిగే ముక్కలో అది కూడా వెనకే.

ఇంటికి వచ్చాక ఒక పని మిగిలి ఉంటుంది. అలలు విరిగేచోట నీటి బుడగలు పగిలి కంటికి కనబడని ఉప్పు తుంపర లేస్తుంది. రోజంతా వీచిన గాలి దాన్ని సైకిలు మీదకు చేర్చింది. చైను మీద చెయ్యి పెడితే జిగటగా తగులుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను తాగి ద్రవమవుతుంది. ఈ తీరంలో రాత్రి తేమ మామూలుగా అంతకు మించే ఉంటుంది. ఆ ఉప్పు నీరు చైను లింకుల్లోకి దిగి తెల్లారేసరికి తుప్పు మొదలుపెడుతుంది. అందుకని రేపు చూద్దాంలే అనుకోకుండా ఆ సాయంత్రమే మంచినీళ్ళతో సైకిలు కడిగి, గుడ్డతో తుడిచి, నీరు ఆరాక చైనుకు, ఫ్రీవీలుకు, బ్రేకు తీగలకు నూనె వేయాలి. మోటారు పైపు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళో అయితే తాగే నీళ్ళే వాడండి, ఒక బకెట్టు చాలు.